గుత్తి కలప డిపోలో దొరికిన నీలి సాలీడు

గుత్తి అనగానే మనకు కొండమీది కోట గుర్తుకు వస్తుంది. ప్రపంచంలో సాలీళ్లను పరిశోధించేవారికి మాత్రం ఆ పేరుతో ఒక ప్రాణి గుర్తుకు వస్తుంది. అది నీలమణి రంగులో మెరిసే పెద్ద సాలీడు. కాళ్లు చాచితే ఆరు నుండి ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. కాళ్లమీద పసుపు మచ్చలు, పొట్ట పైభాగాన అల్లికపని చేసినట్లు తెల్లని చారలు. దానికి శాస్త్రలోకంలో పేరు పడినది 1899లో. పేరు పెట్టినవారు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్. ఆయన చేతికి అందినది ఒకే ఒక్క నమూనా. అది దొరికిన చోటు గుత్తిలోని రైల్వే కలప డిపో.

‘కలప డిపో’ అన్న ఈ రెండు మాటలను పాఠకులు కాస్త జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా మనవి. ఈ నెల ముచ్చట చివరకు వాటి దగ్గరికే చేరుతుంది.

మా షేక్‌పేటలో సాలీళ్లకు కొదువ లేదు. కుతుబ్ షాహీల నాటి సరాయి గోడల పగుళ్లలోనూ, ఇంకా పగలగొట్టకుండా మిగిలిన బండరాళ్ల సందుల్లోనూ, తుమ్మచెట్ల మీదా అవి కాపురం ఉంటాయి. మాకు పొరుగునే ఉన్న ఫిల్మ్‌నగర్‌లో పాడుబడిన బంగళాను చూపించవలసి వస్తే పనివారు కష్టపడి సాలెగూళ్లు తయారుచేస్తారట. మా వీధిలో వాటిని దులపలేక ఇల్లాళ్లు విసిగిపోతారు. మొన్న వర్షాకాలంలో హిఫ్జ్ తరగతి పిల్లలు కొందరు ఒక గాజుసీసాలో సాలీడును పట్టుకువచ్చారు. “మౌలానా సాబ్, ఇది కొత్త జాతి! దీని గూటిలో ఏదో రాసి ఉంది” అని వారి ఉత్సాహం. నిజమే, గూటి నడుమ తెల్లని దారంతో ఇంటూ గుర్తు వంటి అల్లిక కనిపించింది. ఆర్జియోప్ అనే ప్రజాతికి చెందిన సాలీళ్లు అలాంటి అల్లిక వేస్తాయి. ఆంగ్లంలో వాటిని సంతకం చేసే సాలీళ్లని పిలుస్తారు. మన ప్రాంతంలో అవి సర్వసాధారణం. అది కొత్తది కాదని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చిన్నబోయాయి. వారిలో ఒకడు మాత్రం ఊరుకోలేదు. “అల్లాహ్ సృష్టించినది ఆయనకు ముందునుండే తెలుసు కదా, మరి ఏ ప్రాణి అయినా కొత్తది ఎలా అవుతుంది?” అని అడిగాడు.

ప్రశ్న సరైనదే. శాస్త్రజ్ఞులు ‘కొత్త జాతి’ అన్నప్పుడు ఆ ప్రాణి నిన్న పుట్టిందని వారి భావం కాదు. అది లక్షల సంవత్సరాలుగా అక్కడే ఉన్నది. ఆ ఊరివారు దానిని రోజూ చూస్తూ, ఏదో ఒక పేరుతో పిలుస్తూ కూడా ఉండవచ్చు. మానవజాతి ఉమ్మడి పట్టికలోనికి అది ఇప్పుడే ఎక్కింది, అంతే. హజ్రత్ ఆదమ్ (అలైహిస్సలామ్)కు పేర్లు నేర్పబడిన వృత్తాంతం మన పిల్లలందరికీ తెలుసు. ఆయన సంతతి ఆ పేర్ల పనిని నేటికీ ముగించలేదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరపు మ్యూజియం నిర్వహించే వరల్డ్ స్పైడర్ కేటలాగ్‌లో 2022 ఏప్రిల్ నాటికి సాలీడు జాతుల సంఖ్య 50,000 దాటింది. పేరు పడని జాతులు ఇంకా అంతకు మించి ఉంటాయని పరిశోధకుల అంచనా.

ఒక ముచ్చట చెప్పి ముందుకు సాగుతాను. జంతువులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి స్వీడన్ దేశీయుడు లిన్నేయస్ 1758లో ప్రచురించిన గ్రంథంతో మొదలైనట్లు లెక్క. అంతకు ముందు పెట్టిన పేర్లు చెల్లవు. ఈ నియమానికి ఒకే ఒక్క మినహాయింపు ఉన్నది. అదే స్వీడన్‌కు చెందిన కార్ల్ క్లెర్క్ 1757లో తన దేశపు సాలీళ్ల మీద వెలువరించిన పుస్తకంలోని పేర్లు. జంతులోకం మొత్తంలో ఈ గౌరవం దక్కినది సాలీళ్లకే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఒక సాలీడు ఇదివరకు ఎవరూ నమోదు చేయనిదని తేల్చడం ఎలా? ఫోటో తీసి, ఇంతకు ముందు ఇటువంటిది చూడలేదని ప్రకటిస్తే సరిపోదు. ఒక్కడు చూడకపోవడం ఎవరూ చూడలేదనడానికి సాక్ష్యం కాజాలదు. రంగును నమ్మడానికి లేదు. ఒకే జాతిలో పిల్లకూ పెద్దకూ, మగదానికీ ఆడదానికీ రంగు మారుతుంది. సారాయి ద్రావణంలో భద్రపరచిన తరువాత చాలా సాలీళ్ల రంగు వెలిసిపోతుంది కూడా. అందువలన పరిశోధకుడు సూక్ష్మదర్శిని కింద శరీర నిర్మాణాన్ని పరిశీలిస్తాడు. ఎనిమిది కళ్ల అమరిక ఎలా ఉంది, దవడలకు పళ్లు ఎన్ని, కాళ్లమీద ముళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఒక్కొక్క కణుపు పొడవు ఎన్ని మిల్లీమీటర్లు అని కొలిచి రాస్తాడు. అన్నిటికన్నా ముఖ్యమైనవి సంతానోత్పత్తి అవయవాలు. తాళానికి తాళంచెవివలె అవి జాతికొక తీరున ఉంటాయి. చూపులకు కవలలవలె ఉన్న రెండు సాలీళ్లు వేర్వేరు జాతులని తేలేది చాలాసార్లు అక్కడే. అందుకే యౌవనానికి రాని పిల్ల సాలీడు దొరికితే ఎంతటి నిపుణుడైనా తరచు జాతి చెప్పలేక ఆగిపోతాడు.

తరువాత వచ్చేది అసలైన శ్రమ. ఆ ప్రజాతిలో ఇదివరకు పేరు పొందిన ప్రతి జాతి వర్ణననూ తెరిచి చదవాలి. అవి లాటిన్‌లో, ఫ్రెంచిలో, జర్మన్‌లో నూరేళ్ల నాటి పత్రికలలో ఉండవచ్చు. వర్ణనతో తృప్తి కలగకపోతే ఆ పాత నమూనా ఏ మ్యూజియంలో ఉన్నదో కనుగొని, దానిని కళ్లారా చూసి పోల్చాలి. ఇవన్నీ దాటినాక వర్ణన, కొలతలు, చిత్రాలు, దగ్గరి జాతులనుండి తేడాలు రాసి ప్రచురించాలి. ఏ ఒక్క నమూనాను ఆధారం చేసుకుని పేరు పెట్టారో దానిని మూల నమూనాగా ప్రకటించి, ఎవరైనా వచ్చి చూడగలిగే సంస్థలో అప్పగించాలి. మన దేశంలో ఇది ఇప్పుడు చట్టం కూడా. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు అందుకై నియమితమైన సంస్థకు తెలియజేసి, నమూనాను అక్కడ ఉంచవలసి ఉన్నది. పోకాక్ కాలంలో అంతా లండన్‌కు పోయేది. ఆయన 1900లో ప్రచురించిన బ్రిటిష్ ఇండియా సాలీళ్లు, తేళ్ల గ్రంథం చాలాకాలం మన వారికి ఆధారగ్రంథంగా నిలిచింది. తరువాతి తరంలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన బి. కె. టికాదర్ ఆ పనిని భుజాన వేసుకున్నారు. 1990 దశకం తొలినాళ్లలో టి. ఎస్. రెడ్డి, బి. హెచ్. పటేల్ గార్లు కోస్తా ఆంధ్రనుండి కొత్త జాతులను వర్ణించారు.

కొత్త జాతి వేరు, ఒక ప్రాంతానికి కొత్త నమోదు వేరు. వార్తాపత్రికలు ఈ రెంటినీ తరచు కలిపివేస్తాయి. 2010లో ఎస్. ఎం. మక్సూద్ జావేద్, సి. శ్రీనివాసులు, ఫరీదా తంపాల్ గార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్జిరోడెస్ ప్రజాతికి చెందిన మూడు జాతులు ఉన్నట్లు ప్రకటించారు. ఆ జాతులు లోకానికి కొత్తవి కావు, మన రాష్ట్రపు పట్టికకు కొత్తవి. ఈ ఆర్జిరోడెస్ బహు చిన్న ప్రాణి. సాధారణంగా సొంత వేట కన్నా పెద్ద సాలీడు గూటిలో చేరి, దానికి చిక్కిన పురుగులను దొంగిలించి తినడమే దానికి ఇష్టం. పొరుగువాని కష్టార్జితం మీద బతికే విద్య మనిషి ఒక్కడికే తెలుసుననుకున్నాము!

హదీసు శాస్త్రం చదివినవారికి పైన చెప్పిన పద్ధతి పరాయిగా తోచదు. మా తరగతిలో ఒక ఉల్లేఖనాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు మొదట మత్న్‌ను, అంటే మూలపాఠాన్ని, చూసి మురిసిపోము. అది ఎవరినుండి ఎవరికి చేరిందో ఆ సనద్‌ను పట్టుకుంటాము. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) ఇద్దరు ఉల్లేఖకులు ఒకే కాలంలో జీవించి ఉంటే చాలదనీ, వారు కలుసుకున్నట్లు కూడా రుజువు కావాలనీ పట్టుబట్టారు. సాలీడు శాస్త్రంలో మూల నమూనా పక్కన ఉండే చిన్న చీటీ కూడా ఇటువంటి సనద్ వంటిదే. ఎవరు పట్టారు, ఏ తేదీన, ఏ చోట, ఏ చెట్టుమీద లేక ఏ రాతికింద అని అందులో ఉంటుంది. సాలీడు ఎంత అందమైనదైనా చీటీ లేకపోతే అది ఒక చచ్చిన సాలీడు మాత్రమే.

మన పూర్వికులు ప్రాణుల మీద రాయలేదని కాదు. బస్రా నగరపు జాహిజ్ హిజ్రీ మూడవ శతాబ్దంలో రాసిన ‘కితాబుల్ హయవాన్’లోనూ, కైరోకు చెందిన దమీరీ హిజ్రీ ఎనిమిదవ శతాబ్దంలో అక్షరక్రమాన కూర్చిన ‘హయాతుల్ హయవాన్’లోనూ అన్‌కబూత్‌కు చోటు ఉన్నది. స్వయంగా చూసినవీ, ఇతరులు చెప్పగా విన్నవీ, భాషాశాస్త్రజ్ఞుల మాటలూ, చికిత్సలూ వాటిలో పక్కపక్కనే కనిపిస్తాయి. చదవడానికి ఎంతో ఇంపుగా ఉంటాయి. అయితే వారు వర్ణించిన ఫలానా సాలీడు నేటి ఏ జాతి అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టం. తిరిగి చూసుకోవడానికి వారు ఉంచిపోయిన నమూనా లేదు.

సాలీడు అనగానే మన ఇళ్లలో సౌర్ గుహ కథ తప్పక వస్తుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) హిజ్రత్ వేళ గుహలో ఉన్నప్పుడు దాని వాకిట సాలీడు గూడు అల్లిందని దాదీలు, నానీలు చెప్పగా వింటూ పెరిగాము. ముస్నద్ అహ్మద్‌లో ఈ ప్రస్తావన ఉన్నది. దాని సనద్ విషయంలో విద్వాంసులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఇబ్నె కసీర్ (రహ్మతుల్లాహి అలైహి) దానిని హసన్ అన్నారు, మరికొందరు బలహీనమన్నారు. కథను చెప్పేవారు ఈ సంగతి కూడా కలిపి చెబితే బాగుంటుంది. ఇక సూరతుల్ అన్‌కబూత్‌లోని ఉపమానంలో క్రియాపదం స్త్రీలింగంలో ఉన్నది కనుక గూడు కట్టేది ఆడసాలీడేనని అద్భుతంగా బయటపడిందని ఈ మధ్య కొందరు ఉపన్యాసకులు చెబుతున్నారు. అరబీలో అన్‌కబూత్ అనే పదమే ఎక్కువగా స్త్రీలింగంగా వాడబడుతుంది. వ్యాకరణం చదివిన విద్యార్థికి అందులో ఆశ్చర్యం లేదు. పైగా చాలా జాతులలో పిల్ల సాలీళ్లు ఆడవైనా మగవైనా గూడు అల్లుతాయి. దివ్యఖుర్ఆన్ ఉపమానపు బలం మన తొందరపాటు సాక్ష్యాల మీద ఆధారపడి లేదు.

తిరిగి గుత్తికి వద్దాం. పోకాక్ పెట్టిన పేరు పోయిసిలోథీరియా మెటాలికా. మొదటి పదం ప్రజాతికి చెందినది. గ్రీకు భాషలో చిత్రవర్ణపు మృగమని దాని అర్థం. రెండవది లోహపు మెరుపును సూచిస్తుంది. ఈ ప్రజాతి సాలీళ్లు భారతదేశంలోనూ శ్రీలంకలోనూ తప్ప సహజంగా మరెక్కడా లేవు. అవి నేలమీద కాక, పెద్ద చెట్ల తొర్రలలో గూడు కట్టుకుని ఉంటాయి. మెటాలికాకు చోటు తక్కువైతే ఒకే తొర్రలో కొన్ని కలిసి కూడా ఉంటాయి. చీకటి పడ్డాక బయటికి వచ్చి ఎగిరే పురుగులను పట్టుకుంటాయి. వెలుతురు పడగానే పారిపోయే స్వభావం వాటిది. కాటు వేస్తే తీవ్రమైన నొప్పి, కండరాల పట్టివేత కలుగుతాయి. దానివల్ల మనుషులు మరణించినట్లు నమోదు లేదు. దాని నీలిరంగు సంగతి మరీ విచిత్రం. అది రంగుపదార్థం వలన వచ్చినది కాదు. వెంట్రుకల లోపలి అతి సూక్ష్మమైన పొరలు వెలుతురును విరిచి నీలిని మాత్రమే వెనుకకు పంపుతాయి. పెద్ద సాలీళ్లలో ఇటువంటి నీలం కనీసం ఎనిమిది సార్లు వేరువేరుగా ఏర్పడిందని 2015లో ఒక పరిశోధన తేల్చింది. రాత్రిపూట తిరిగే, రంగులు సరిగా కనిపించని ప్రాణికి ఈ అలంకారం ఎందుకో ఇంకా తేలలేదు.

1899 తరువాత ఏమైంది? ఏమీ కాలేదు. నూట రెండు సంవత్సరాలపాటు ఆ సాలీడును చూసినట్లు శాస్త్రలోకంలో మరొక నమోదు లేదు. పేరున్నది, వర్ణన ఉన్నది, సీసాలో నమూనా ఉన్నది, ప్రాణి మాత్రం లేదు. గుత్తి పరిసరాలు మనకు తెలిసినవే. ఎండ, బండలు, ముళ్లపొదలు. తొర్రలున్న పెద్ద చెట్లలో నివసించే ప్రాణి అక్కడ ఎందుకు ఉంటుంది? ఊరి పేరును మాత్రమే నమ్మి గుత్తి చుట్టూ వెతికేవానికి అది దొరికే అవకాశమే లేదు. 2001లో అది మళ్లీ కనిపించినది గుత్తికి సుమారు నూరు కిలోమీటర్ల దూరాన, ఈశాన్యదిశగా, నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న అడవిలో.

పటం తీసి చూస్తే సంగతి బోధపడుతుంది. గుంతకల్లునుండి గుంటూరుకు పోయే రైలుమార్గం నంద్యాల దాటిన తరువాత నల్లమల అడవిని చీల్చుకుని గిద్దలూరు చేరుతుంది. గుత్తి ఉన్నది గుంతకల్లు పక్కనే. అడవిలో నరికిన చెట్టు తొర్రలో దాగిన సాలీడు ఆ దుంగతోపాటు బండి ఎక్కి డిపోకు చేరిందని నేటి పరిశోధకుల నిర్ణయం. అంటే, నమూనా చేరిన ఊరే నమూనా పుట్టిన ఊరుగా నూరేళ్లు చెలామణి అయింది. నేటికీ దానిని లోకం గుత్తి సాలీడనే పిలుస్తున్నది.

ఇందులో పోకాక్‌ను తప్పుపట్టడానికి లేదు. ఆయన తనకు అందినది అందినట్లు రాశారు. ఇక్కడే ఆ రెండు మాటల విలువ తెలుస్తుంది. చీటీలో ‘గుత్తి’ అని మాత్రమే ఉండి ఉంటే ఏమనుకునేవాళ్లం? గుత్తి కొండలలో ఉండేదేమో, అడవి పోవడంతో అంతరించిందేమో అనుకుని ఊరుకునేవాళ్లం. ‘రైల్వే కలప డిపో’ అన్న మాట ఉండటం వలన ఈ ప్రాణి ఇక్కడిది కాకపోవచ్చునన్న అనుమానానికి తావు మిగిలింది. కలప ఎక్కడినుండి వచ్చిందో ఆలోచించడానికి దారి దొరికింది. ఎవరో పేరు తెలియని మనిషి, బహుశా డిపోలో దుంగలు దించిన కూలీయో గుమస్తానో చెప్పిన ఒక చిన్న వివరం నూరేళ్లు చెక్కుచెదరక నిలిచింది.

హదీసు విద్యార్థులకు ‘విజాదా’ అనే పదం తెలుసు. గురువు నోట వినలేదు, ఆయనకు చదివి వినిపించలేదు, అనుమతిపత్రం కూడా పొందలేదు. ఆయన చేతిరాతతో ఉన్న ప్రతి మాత్రం దొరికింది. నిజాయితీగల ఉల్లేఖకుడు అటువంటప్పుడు ‘నాకు ఫలానావారు చెప్పారు’ అనడు. ‘ఫలానావారి దస్తూరీలో ఇలా కనుగొన్నాను’ అంటాడు. కొందరు అలా కాక, నేరుగా విన్నట్లు భ్రమ కలిగే పదం వాడేవారు. దానిని తద్‌లీస్ అన్నారు. అలా చేసేవారి పేర్లను గ్రంథాలలో విడిగా రాసిపెట్టారు. చెప్పిన విషయంలో ఒక్క అక్షరం అబద్ధం లేకపోయినా, అది తనకు చేరిన మార్గాన్ని దాచడమే దోషమని మన ముహద్దిసుల తీర్పు. గుత్తి సాలీడు చీటీ ఈ పరీక్షలో నెగ్గినది. అడవిలో పట్టానని అది చెప్పలేదు, డిపోలో కనుగొన్నానని చెప్పింది.

2001లో చిరునామా దొరికిన తరువాత కథ సుఖాంతం కావలసింది. కాలేదు. ఆ సాలీడు ఉన్న అడవి నూరు చదరపు కిలోమీటర్ల కన్నా తక్కువ. చుట్టుపక్కల అడవుల్లో వెతికినా అప్పట్లో కనిపించలేదు. ఉన్న ఆ తునకలో కూడా వంటచెరకు కోసం, కలప కోసం చెట్లు పోతున్నాయి. తొర్ర పడాలంటే చెట్టు ముసలిది కావాలి. ముసలి చెట్టే గొడ్డలికి ముందు కనిపిస్తుంది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీనిని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల వర్గంలో చేర్చింది. మరొకవైపు, ఐరోపా అమెరికాలలో సాలీళ్లను పెంచి అమ్మేవారికి ఈ నీలిరంగు కన్నుల పండుగైంది. నేడు అక్కడి పెట్టెలలో పుట్టిపెరిగే గుత్తి సాలీళ్లు విరివిగా ఉన్నాయి. నంద్యాల అడవిలోనే కరువు. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోని రెండవ జాబితాలో చేర్చారు. అనుమతి లేకుండా దేశం దాటించరాదని దాని తాత్పర్యం.

ఇప్పుడు పరిశోధకుల ముందు కఠినమైన చిక్కు ఉన్నది. దొరికిన చోటు స్పష్టంగా రాయకపోతే శాస్త్రం గుడ్డిది అవుతుంది. గుత్తి కథే దానికి నిదర్శనం. ఉపగ్రహ సాయంతో చెట్టుతో సహా చోటు రాసి ప్రచురిస్తే, మొదట చదివేది దొంగ కావచ్చు. 2017లో ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ లిండెన్‌మేయర్, బెన్ షీలె ‘సైన్స్’ పత్రికలో ఈ విషయమే ప్రస్తావించి, అరుదైన ప్రాణుల ఖచ్చితమైన స్థలాలను ప్రచురించవద్దని తోటివారిని హెచ్చరించారు. బల్లులు, పాముల వంటి ప్రాణులను వర్ణించిన పత్రాలు వెలువడగానే వాటిని పట్టేవారు ఆ చోటికి చేరిన ఉదంతాలు ఉన్నాయి. నా దృష్టిలో ఇది సత్యాన్ని దాచే ప్రశ్న కాదు. అది అమానతు. అప్పగించినవాడి సొమ్ము ఎక్కడ ఉంచావని దారిన పోయేవాడు అడిగితే చెప్పనక్కరలేదు. హక్కుదారు అడిగితే చెప్పకుండా ఉండరాదు. చాలామంది నేడు అనుసరిస్తున్న పద్ధతి కూడా ఇదే. చీటీలో సంపూర్ణంగా రాసి, నమూనాతోపాటు సంస్థలో భద్రపరుస్తారు. ప్రచురించే పత్రంలో జిల్లా పేరో, కొండల వరుస పేరో ఇచ్చి ఆపుతారు.

ఇక మన ఇళ్ల సంగతి. గోడమీద చేయంత సాలీడు కనబడితే చాలు, ఫోనుల్లో ఒక ఫోటో, దాని కింద ‘కుడితే చావే’ అన్న హెచ్చరిక వీధంతా తిరుగుతుంది. మన స్నానాల గదుల్లో తరచు కనబడే ఆ పెద్ద, చదునైన, గోధుమరంగు సాలీడు దాదాపు ఎప్పుడూ హెటెరోపోడా వెనటోరియా. అది గూడు అల్లదు, బొద్దింకలను వేటాడుతుంది. లిన్నేయస్ 1767లోనే దానికి పేరు పెట్టారు. ఓడల్లో సరుకులతోపాటు ప్రయాణించి ఉష్ణదేశాలన్నిటా స్థిరపడిన ప్రాణి అది. దానిని చెప్పుతో కొట్టడం కన్నా ఒక గిన్నె బోర్లించి, కింద అట్టముక్క జొనిపి బయట వదిలితే ఇంటికే లాభం. తుమ్మచెట్ల మీద మాసిన గుడ్డపీలికలవలె వేలాడే గూళ్లు స్టెగోడైఫస్ సరసినోరమ్ అనే సాలీళ్లవి. అవి పదులు వందలుగా కలిసి ఒకే గూటిలో ఉమ్మడి కాపురం చేస్తాయి. చెత్త అనుకుని కాల్చివేయకండి. పిల్లలను తీసుకువెళ్లి చూపించండి.

ఎప్పుడైనా నిజంగా ఎరుగని సాలీడు కనిపిస్తే పట్టవద్దు, చంపవద్దు. పైనుండి, పక్కనుండి, వీలైతే ముఖం వైపునుండి ఫోటోలు తీయండి. కొలత తెలియడానికి పక్కన ఒక రూపాయి నాణెం ఉంచండి. హైదరాబాదులో అత్తాపూర్‌లోని జువలాజికల్ సర్వే కేంద్రంలోనూ, ఉస్మానియా విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలోనూ చూసి చెప్పగలవారు ఉంటారు. ఫోటోతోపాటు ఒక కాగితం మీద తేదీ, వేళ, ఊరు, ఏ చెట్టు లేక ఏ గోడ, నేలనుండి ఎంత ఎత్తు అన్నది రాయండి. పిల్లల చేత రాయిస్తే మరీ మంచిది. అది మీ పెరటిలోనే కనబడినా, ఆ ఉదయం బజారునుండి వచ్చిన అరటిగెల పక్కన కనబడితే, గెల పక్కన అని కూడా రాయండి. గెల ఏ ఊరినుండి వచ్చిందో పండ్లవాణ్ణి అడిగి ఆ ఊరి పేరు కూడా చేర్చండి. అతడు తెలియదంటే, తెలియదన్నాడని రాయండి.